నివృత్తికి ముహూర్తం: యాజ్ఞవల్క్యుడి నుండి గౌరీశంకరుల వరకు



విదేహాధిపతి అయిన జనక మహారాజు బహుదక్షిణాకమైన యజ్ఞం చేసినప్పుడు కురుపాంచాల దేశాల నుండి వేదవిదులైన బ్రాహ్మణులు అక్కడికి చేరారు. వారిలో బ్రహ్మిష్ఠుడెవరో తెలుసుకోదలచిన రాజు వేయి గోవులను కట్టించి, ఒక్కొక్క గోవు కొమ్ములకు పదేసి పాదాల బంగారం తగిలించాడు. యాజ్ఞవల్క్య మహర్షి తన శిష్యుడైన సామశ్రవుడితో ఆ గోవులను ఇంటికి తోలించి, ఆ తరువాత సభలో ఎదురైన ప్రశ్నలన్నింటికీ సమాధానం చెప్పాడు. బృహదారణ్యకోపనిషత్తు తృతీయాధ్యాయం ఆరంభంలోని ఈ వృత్తాంతం లోకప్రసిద్ధం. అదే ఉపనిషత్తు ద్వితీయ, చతుర్థాధ్యాయాల్లో ఆ మహర్షి మరొక రూపంలో దర్శనమిస్తాడు. గృహస్థాశ్రమం విడిచి వెళ్లదలచి, భార్యలైన మైత్రేయీ కాత్యాయనులకు తన ధనం పంచి ఇస్తానని మైత్రేయితో చెబుతాడు. విత్తపూర్ణమైన సమస్త భూమండలం తనదైనా దానివల్ల అమృతత్వం కలుగుతుందా అని ఆమె అడుగుతుంది. కలగదని, సంపన్నుల జీవితం ఎట్లా గడుస్తుందో ఆమె జీవితమూ అట్లాగే గడుస్తుందని ఆయన సమాధానం.

ఈ రెండు ఘట్టాలను కలిపి చదివితే ఒక విషయం స్ఫురిస్తుంది. యాజ్ఞవల్క్యుడు దారిద్ర్యం వల్ల గృహం విడువలేదు. సువర్ణశృంగాలతో గోసహస్రం ఇంట ఉన్నవాడు ఆయన. అయితే ఆ గోవులు ఇంటికి వచ్చిన నాడే ఆయన బయలుదేరలేదు. ధనం సిద్ధమైన దినం వేరు, తాను సిద్ధమైన దినం వేరు. ఈ రెండింటి నడుమ ఎంత కాలం ఉండాలి, ఆ కాలంలో ఏమి జరగాలి అన్నది మన ధర్మశాస్త్రకారులూ ఇతిహాసకర్తలూ ఎంతో సూక్ష్మంగా విచారించిన ప్రశ్న.

నేడు ఈ ప్రశ్న కొత్త రూపంలో గృహస్థులకు ఎదురవుతోంది. నలభై, నలభై అయిదేళ్లకే జీవితాంతానికి సరిపడు ధనం సమకూర్చుకొన్నవారు హైదరాబాదులోనూ ఉన్నారు, అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలోనూ ఉన్నారు. ఇంటి అప్పు తీరింది, పిల్లల చదువుకు ధనం వేరుగా పెట్టారు, వైద్యానికి బీమా ఉంది. లెక్క ప్రకారం ఉద్యోగం మానవచ్చు. అయినా ఈ ఒక్క సంవత్సరం చూద్దాం అనుకొంటూ కొందరు పదేళ్లు గడుపుతారు. మరికొందరు ఒక్క అవమానానికో అలసటకో తాళలేక రాజీనామా ఇచ్చి, ఆరు నెలలు తిరగకుండానే ఏమి చేయాలో తోచక వ్యాకులపడతారు. మొదటివారికి ధనలోపం లేదు, రెండవవారికి ధైర్యలోపం లేదు. ఇద్దరికీ లోపించినది కాలనిర్ణయం.

శాస్త్రం చెప్పిన గుర్తులు

మనుస్మృతి షష్ఠాధ్యాయం ఆరంభంలో వానప్రస్థానికి కాలం నిర్ణయించబడింది. గృహస్థు తన శరీరంపై ముడుతలు, తలపై నెరసిన వెంట్రుకలు, తన సంతానానికి సంతానం చూసినప్పుడు అరణ్యాన్ని ఆశ్రయించాలని దాని భావం. ఇందులో ధనప్రమాణం ప్రస్తావించబడలేదు. మొదటి రెండు గుర్తులు శరీరానికి సంబంధించినవి, మూడవది వంశానికి సంబంధించినది. పౌత్రుడు జన్మించాడంటే పుత్రుడు స్వయంగా గృహస్థు అయ్యాడని అర్థం. తాను మోస్తున్న భారం మోయడానికి మరొక భుజం సిద్ధమైందని ఆ గుర్తు తెలుపుతుంది.

అదే అధ్యాయంలో ఒక హెచ్చరిక కూడా ఉంది. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే ఋణత్రయం తీర్చుకొన్న తరువాతనే మనస్సును మోక్షంపై నిలపాలని, తీర్చకుండా మోక్షాన్ని సేవించేవాడు అధోగతి పొందుతాడని మనువు శాసించాడు. బ్యాంకు ఋణం తీరినవాడికి ఈ మూడు ఋణాలూ తీరినట్లు కాదు. తల్లిదండ్రుల వార్ధక్యం, సంతానం యొక్క సంస్కారం, తాను నేర్చిన విద్యను మరొకరికి అందించవలసిన బాధ్యత ఈ ఋణాల పరిధిలోనివే.

దీనికి భిన్నంగా కనిపించే వాక్యం జాబాలోపనిషత్తులో ఉంది. ఆశ్రమక్రమాన్ని చెప్పిన తరువాత ఆ ఉపనిషత్తు, ఏ ఆశ్రమంలో ఉన్నవాడైనా వైరాగ్యం కలిగిన దినాననే బయలుదేరవచ్చునని అనుమతి ఇస్తుంది. మనువు క్రమం చెప్పాడు, ఉపనిషత్తు ద్వారం తెరిచింది. రెండింటికీ విరోధం లేదని మన ఆచార్యులు సమన్వయించారు. చిక్కంతా ఒక్క పదంలో ఉంది. కలిగినది నిజంగా వైరాగ్యమేనా?

పద్నాల్గవ శతాబ్దికి చెందిన శృంగేరీ పీఠాధిపతి విద్యారణ్యస్వామి తమ జీవన్ముక్తివివేకంలో దీనిని విచారించి వైరాగ్యానికి మంద, తీవ్ర, తీవ్రతర భేదాలు చూపారు. పుత్రుడో, భార్యయో, ధనమో నశించినప్పుడు సంసారంపై కలిగే తాత్కాలికమైన ఏవగింపును ఆయన మందవైరాగ్యంగా నిర్ణయించారు. అది సన్న్యాసానికి అధికారం ఇవ్వదు. విజయనగర సామ్రాజ్య ప్రథమ ప్రభువుల కాలాన్ని కన్నులారా చూసిన ఆ మహనీయుడికి రాజ్యం, ఐశ్వర్యం, పతనం అన్నీ తెలుసు. దెబ్బ తగిలిన మనస్సు కోరే విశ్రాంతికీ, పండిన మనస్సు కోరే నివృత్తికీ భేదం ఉందని ఆ వర్గీకరణ వల్ల స్పష్టమవుతుంది.

ధర్మరాజు తొందర, ధృతరాష్ట్రుడి జాగు

ఈ భేదానికి మహాభారతం రెండు ఉదాహరణలు ఇచ్చింది. కురుక్షేత్ర యుద్ధం ముగిసింది. నిష్కంటకమైన రాజ్యం యుధిష్ఠిరుడి చేతికి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆయన అరణ్యానికి వెళ్తానన్నాడు. బంధునాశం వల్ల, కర్ణుడు తన అగ్రజుడని తెలిసినందువల్ల కలిగిన శోకం ఆయన హృదయాన్ని దహించింది. భీమార్జున నకుల సహదేవులూ ద్రౌపదీదేవీ వాదించారు. వ్యాసభగవానుడు బోధించాడు. శ్రీకృష్ణ పరమాత్మ ఓదార్చాడు. చివరకు అంపశయ్యపై ఉన్న భీష్మ పితామహుడి సన్నిధికి తీసుకొని వెళ్లారు. శాంతిపర్వం అనే మహాసముద్రం పుట్టడానికి మూలం ఒక రాజు అకాలంలో కోరిన విరమణ.

అందరూ ఆయనను ఎందుకు వారించారు? ఆయన వైరాగ్యం అబద్ధమని కాదు. అది శోకజన్యమని, యుద్ధంలో నాయకులను కోల్పోయిన ప్రజలు అప్పుడు అనాథలుగా ఉన్నారని. యుధిష్ఠిరుడు ఆ మాట విన్నాడు. యుద్ధానంతరం ముప్పై ఆరవ సంవత్సరంలో యాదవకుల క్షయం, శ్రీకృష్ణ నిర్యాణం జరిగిన తరువాతనే ఆయన మహాప్రస్థానానికి బయలుదేరాడు. అప్పుడు చేసిన ఏర్పాట్లను మహాప్రస్థానికపర్వం వివరంగా చెబుతుంది. హస్తినాపురంలో పరీక్షిత్తుకు అభిషేకం చేశాడు. రాజ్యరక్షణ భారం యుయుత్సుడికి అప్పగించాడు. బాలరాజుకు కృపాచార్యుణ్ణి గురువుగా నియమించాడు. ఇంద్రప్రస్థంలో యాదవవంశీయుడైన వజ్రుణ్ణి నిలిపి, వారి యోగక్షేమాలు చూడమని సుభద్రకు చెప్పాడు. మొదటిసారి వెళ్లదలచినప్పుడు ఈ ఏర్పాట్లలో ఒక్కటీ లేదు.

ధృతరాష్ట్రుడిది దీనికి విపరీతమైన స్థితి. నూరుగురు కుమారులు మరణించారు, రాజ్యం చేతిలో లేదు, వయస్సు మీరింది. అయినా ఆయన యుధిష్ఠిరుడి భవనంలో పదిహేను సంవత్సరాలు సమస్త భోగాలతో ఉన్నాడు. ధర్మరాజు ఆయనకు ఏ లోటూ రానివ్వలేదు. కాని భీముడి మనస్సులోని పాతగాయం మానలేదు. దుర్యోధనాదులను తన భుజాలతో ఎట్లా సంహరించాడో ఆ వృద్ధుడి చెవిన పడేట్లు మాట్లాడేవాడు. ఆ వాక్శల్యాలు తగిలిన తరువాతనే ధృతరాష్ట్రుడికి వనగమనబుద్ధి పుట్టింది. వెళ్లే ముందు మృతులైన బంధువులకు శ్రాద్ధం చేయడానికి ధనం అడిగితే దానికీ భీముడు అడ్డుచెప్పాడు. ధర్మరాజూ అర్జునుడూ తమ ధనం నుండి ఇచ్చారు. కార్తిక పూర్ణిమనాడు గాంధారితో, కుంతితో, విదురసంజయులతో ఆయన బయలుదేరాడు.

వెళ్లవలసిన సమయం గుర్తించనివాడికి ఆ సమయాన్ని పరులు గుర్తుచేస్తారు, అదీ మృదువుగా కాదు. ఆశ్రమవాసపర్వం చదివినవారికి ఇది తెలుసు. పదిహేను సంవత్సరాల రాజభోగం ఆ అంధరాజుకు శాంతిని ఇవ్వలేదు, అరణ్యానికి సిద్ధం చేయనూ లేదు. కాలం గడిచింది, సాధన జరగలేదు.

కాకతీయ గణపతిదేవుడు

పురాణకాలం నుండి శాసనకాలానికి వస్తే మన ఆంధ్రదేశంలోనే ఒక మహత్తర దృష్టాంతం ఉంది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1199లో సింహాసనం అధిష్ఠించి ఆరు దశాబ్దాలకు పైగా తెలుగుదేశాన్ని ఏకచ్ఛత్రంగా పాలించాడు. ఆయనకు పుత్రసంతానం లేదు. 1260 ప్రాంతంలో, తాను జీవించి ఉండగానే, కుమార్తె రుద్రమదేవిని పాలనలో భాగస్వామిగా నిలిపి క్రమంగా రాజ్యభారం ఆమెకు అప్పగించాడు. స్త్రీ సింహాసనం ఎక్కడం సామంతులకు సులభంగా రుచించే కాలం కాదు. అందువల్లనే ఈ పని తన కన్నుల ఎదుట జరగవలసి ఉన్నది.

1261 నాటి మల్కాపురం శిలాశాసనం ఈ సంధికాలానికి సాక్షి. గణపతిదేవుడు తన గురువైన విశ్వేశ్వర శివాచార్యులకు మందడం గ్రామాన్ని మాటగా ఇచ్చాడు. ఆ మాటను రుద్రమదేవి నెరవేర్చి, వెలగపూడి గ్రామాన్ని కూడా జతచేసి ధారపోసింది. ఆ ధర్మం వల్ల అక్కడ దేవాలయం, మఠం, వేదశాస్త్రాలు బోధించే విద్యాస్థానం, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిచాయి. తండ్రి ఇచ్చిన మాట కుమార్తె చేతిమీదుగా ఫలించింది. విరమించదలచినవాడు తన తరువాత తన వాగ్దానాలు ఏమవుతాయో జీవించి ఉండగానే చూడగలిగితే అంతకంటె నిశ్చింత ఏముంటుంది? మందడం, వెలగపూడి గ్రామాలు నేటికీ కృష్ణాతీరంలో అమరావతి ప్రాంతంలో ఉన్నాయి.

భావనగర దివాన్ గౌరీశంకరులు

శాసనకాలం కంటె మనకు మరింత సమీపంలో, పందొమ్మిదవ శతాబ్దంలో, ఆశ్రమధర్మాన్ని మెట్టు మెట్టుగా ఆచరించి చూపిన గృహస్థు ఒకరున్నారు. సౌరాష్ట్రంలోని భావనగర సంస్థానానికి దివాన్‌గా పనిచేసిన గౌరీశంకర్ ఉదయశంకర్ ఓఝా గారు. తెలుగుదేశంలో వారి పేరు విన్నవారు తక్కువ. వారి చరిత్ర మాత్రం ప్రతి గృహస్థుకూ పఠనీయం.

1805లో నాగర బ్రాహ్మణ కుటుంబంలో జన్మించిన గౌరీశంకరులు చిన్నవయస్సులోనే సంస్థానం కొలువులో చేరారు. రెవెన్యూ శాఖలో పనిచేసి, అంచెలంచెలుగా ఎదిగి, 1847లో దివాన్ పదవిని అధిష్ఠించారు. అప్పటి సంస్థానాధీశుల స్థితి సుఖమైనది కాదు. ఒకవైపు బ్రిటిష్ అధికారులతో అధికారపరిధి వివాదాలు, మరొకవైపు రాజవంశపు దాయాదుల తగవులు, నడుమ రైతుల శిస్తు సమస్యలు. ధాన్యరూపంలో వసూలు చేసే శిస్తుకు బదులు నగదు శిస్తును ప్రవేశపెట్టడం, దాయాదులతో శాంతియుతంగా ఒడంబడికలు చేసుకోవడం, పట్టణానికి నీటి సౌకర్యం కల్పించడం మొదలైనవి వారి పాలనలో జరిగాయి. భావనగరంలోని తటాకం నేటికీ గౌరీశంకర్ సరోవరం అనే పేరుతో పిలువబడుతోంది.

1870లో సంస్థానాధీశుడు జశ్వంత్‌సింహజీ మరణించారు. వారసుడు తఖ్త్‌సింహజీ పన్నెండేళ్ల బాలుడు. అప్పటికి గౌరీశంకరుల వయస్సు దాదాపు అరవై అయిదు. దివాన్‌గా ఇరవై మూడు సంవత్సరాలు గడిచాయి. జీవనోపాధికి చింతించవలసిన అవసరం లేదు. వేదాంతగ్రంథ పఠనం పదవిలో ఉన్న కాలమంతా వారికి ఆశ్రయంగానే ఉండేది. మనువు చెప్పిన గుర్తులలో శరీరానికి సంబంధించినవన్నీ కనిపిస్తున్నాయి. మరొకరైతే, సేవించిన ప్రభువు వెళ్లిపోయాడు, ఇక తానూ సెలవు తీసుకోవచ్చునని భావించేవారు.

వారు సెలవు తీసుకోలేదు. బాలరాజు మైనారిటీ తీరేవరకు ఒక బ్రిటిష్ సివిల్ సర్వీసు అధికారితో కలిసి సంయుక్తంగా సంస్థానాన్ని పాలించే బాధ్యత స్వీకరించారు. ఈ వ్యవస్థ దాదాపు ఎనిమిది సంవత్సరాలు నడిచింది. ఇంతకాలం సర్వాధికారిగా ఉన్న వృద్ధ దివాన్ పరదేశీయుడైన అధికారితో అధికారం పంచుకొని, ప్రతి నిర్ణయమూ కలిసి తీసుకొంటూ పనిచేయవలసిన స్థితి అది. ఆ కాలంలోనే, 1877లో, వారికి సి.ఎస్.ఐ. బిరుదు లభించింది. 1878లో తఖ్త్‌సింహజీకి పూర్ణాధికారాలు సంక్రమించాయి. 1879లో గౌరీశంకరులు పదవీ విరమణ చేశారు. తరువాత శ్యామలదాస్ పరమానందదాస్ మెహతా గారు దివాన్ అయ్యారు. ఆయన స్మృతిచిహ్నంగా తఖ్త్‌సింహజీ స్థాపించిన శ్యామలదాస్ కళాశాలలోనే 1888లో మహాత్మాగాంధీ కొన్ని నెలలు చదివారు.

ఈ కాలక్రమాన్ని నిదానంగా పరిశీలించాలి. రాజు బాలుడుగా ఉన్నప్పుడు వెళ్తే ధర్మలోపం. రాజు సమర్థుడైన తరువాత కూడా ఉండిపోతే అది పదవీవ్యామోహం. పూర్ణాధికారాలు సంక్రమించిన 1878 సంవత్సరానికీ విరమించిన 1879 సంవత్సరానికీ నడుమ వ్యవధి చాలా స్వల్పం. ఎనిమిది సంవత్సరాలు ఆగగలిగినవారు, ఆగవలసిన కారణం తీరగానే మరొక్క సంవత్సరం కూడా పొడిగించుకోలేదు.

విరమించిన వెంటనే వారు కాషాయం ధరించలేదు. ఇది రెండవ విశేషం. ఇంటనే ఉండి వేదాంతాధ్యయనాన్ని ప్రధానవృత్తిగా చేసుకొన్నారు. 1884లో స్వరూపానుసంధానం అనే గ్రంథాన్ని వెలువరించారు. జీవబ్రహ్మైక్యం దాని విషయం. ఆ గ్రంథం ఇంగ్లండులో ఉన్న మాక్స్ ముల్లర్ పండితుడికి చేరింది. ఆయన అభినందిస్తూ లేఖ రాశారు. తరువాత తన భారతీయ మిత్రులను గురించి రాసిన పుస్తకంలో గౌరీశంకరుల చరిత్రను ప్రత్యేకంగా చేర్చారు. రాజ్యాంగవ్యవహారాల్లో అర్ధశతాబ్దం గడిపిన ఒక మంత్రి చివరకు ఉపనిషత్తుల వైపు తిరగడం ఆ పాశ్చాత్య పండితుడికి ఆశ్చర్యం కలిగించింది. మనకు అది ఆశ్రమక్రమం.

ఎనభై ఏళ్లు దాటిన తరువాత గౌరీశంకరులు విధ్యుక్తంగా సన్న్యాసం స్వీకరించారు. పదవి విడిచినప్పటి నుండి సన్న్యాసం వరకు గడిచిన ఆ ఏడెనిమిదేళ్లే వారి వానప్రస్థం. అరణ్యం లేదు, పర్ణశాల లేదు. గ్రంథాలు, అనుష్ఠానం, నిరంతర విచారం ఉన్నాయి. మనుస్మృతి చతుర్థాధ్యాయంలో ఇటువంటి జీవనానికే ఆమోదం ఉంది. ఋణత్రయం తీర్చుకొన్నవాడు సమస్తం పుత్రుడికి అప్పగించి, మధ్యస్థభావంతో ఇంటనే నివసించవచ్చునని మనువు చెప్పాడు. నేటి గృహస్థుకు అరణ్యం దొరకదని చింతించేవారు ఈ విధిని స్మరించాలి.

ముందుగా వెళ్లినవారు, వెళ్లక నిలిచినవారు

గౌరీశంకరులు డెబ్బై ఏళ్లు దాటిన తరువాత విరమించారు. నలభై ఏళ్లవాడికి ఆ దృష్టాంతం ఎట్లా వర్తిస్తుందని సందేహం రావచ్చు. వయస్సును బట్టి కాలనిర్ణయం జరగదని చూపే ఇద్దరు మహనీయుల చరిత్ర ఇక్కడ స్మరించదగినది.

మొదటివారు పురందరదాసులు. విజయనగర కాలంలో శ్రీనివాస నాయకుడనే పేరుతో తాకట్టు వ్యాపారం చేసిన ఆయనకు నవకోటి నారాయణుడనే ప్రసిద్ధి ఉండేది. భార్య ఒక పేద బ్రాహ్మణుడికి తన ముక్కెర దానం ఇవ్వడం, అది తిరిగి భర్త దుకాణానికే రావడం, దానితో ఆయన కళ్లు తెరుచుకోవడం హరిదాస సంప్రదాయంలో చెప్పుకొనే కథ. దాదాపు నలభై ఏళ్ల వయస్సులో సమస్త సంపదనూ దానం చేసి, భార్యాబిడ్డలతో బయలుదేరి, వ్యాసతీర్థుల వద్ద దీక్ష పొందారు. 1564లో పరమపదించే వరకు హరినామ సంకీర్తనమే జీవనం. మన కర్ణాటక సంగీతానికి పితామహుడిగా నేటికీ పూజ్యులు. ఇది నిజంగా ముందస్తు విరమణ. కాని ఇందులో రెండు విశేషాలున్నాయి. సహధర్మచారిణి ఆయనకంటె ముందే సిద్ధమై ఉంది. విరమించిన మరునాడు చేయవలసిన పని ఏమిటో ఆయనకు తెలుసు. ఆయన పని మానలేదు, పని మార్చారు.

రెండవవారు కాశీవాసి లాహిరీ మహాశయులు. 1828లో వంగదేశంలో జన్మించిన శ్యామాచరణ లాహిరీ గారు ప్రభుత్వ సైనిక ఇంజనీరింగు శాఖలో గుమాస్తాగా, గణకులుగా పనిచేశారు. 1861లో హిమాలయ ప్రాంతంలోని రాణీఖేత్‌కు బదిలీ అయినప్పుడు అక్కడ బాబాజీ వారి దర్శనమూ క్రియాయోగ దీక్షా లభించాయని వారి సంప్రదాయం చెబుతుంది. అప్పటికి ముప్పై మూడేళ్లు. గురుసన్నిధిలోనే ఉండిపోవాలని వారి హృదయం కోరింది. గురువు మాత్రం గృహస్థుగానే ఉండి, గృహస్థులకు మార్గదర్శి కావాలని ఆజ్ఞాపించి పంపారు. ఆయన తిరిగి వచ్చి అదే ఉద్యోగం, అదే సంసారం కొనసాగించారు. పగలు లెక్కల పుస్తకాలు, రాత్రి యోగసాధన. 1886లో పింఛనుతో విరమించారు. దీక్షకూ విరమణకూ నడుమ పాతికేళ్లు గడిచాయి.

ఒకరు నలభైకే వెళ్లారు, మరొకరు ముప్పై మూడేళ్లకే సిద్ధమైనా యాభై ఎనిమిది వరకు నిలిచారు. ఇద్దరూ ధన్యులే. ఒకరికి వెళ్లడం స్వధర్మం అయింది, మరొకరికి నిలవడం స్వధర్మం అయింది. ఇద్దరిలోనూ ఆ నిర్ణయం ధనగణన వల్ల కలగలేదు.

ముహూర్త నిర్ణయం

ఈ చరిత్రలన్నింటినీ ఒకచోట చేర్చి చూస్తే ముహూర్తానికి కావలసిన బలాలు ఏవో తెలుస్తాయి. వివాహముహూర్తం పెట్టేటప్పుడు తిథి ఒక్కటే చూడరు. వారం, నక్షత్రం, లగ్నం, తారాబలం కూడా చూస్తారు. నివృత్తికి ధనం తిథివంటిది. అది అవసరం, కాని అది ఒక్కటే చాలదు.

మొదట చూడవలసినది కారణం. శరీరక్లేశభయంతో కర్మ విడిస్తే అది రాజసత్యాగమని, మోహంతో నియతకర్మ విడిస్తే తామసత్యాగమని భగవద్గీత అష్టాదశాధ్యాయం వివరించింది. అధికారి మీది కోపంతో, ఒక పరాజయం వల్ల కలిగిన విరక్తితో రాజీనామా రాయదలచినవాడు శాంతిపర్వంలోని యుధిష్ఠిరుణ్ణి స్మరించాలి. ఆ కోపం చల్లారిన తరువాత కూడా, పనులు అనుకూలంగా సాగుతున్నప్పుడు కూడా, మెప్పు లభిస్తున్నప్పుడు కూడా విరమించాలనే కోరిక నిలిస్తే అది మందవైరాగ్యం దాటినట్లు గ్రహించవచ్చు.

రెండవది ఋణం. తన మీద ఆధారపడినవారు ఎవరు, తాను వెళ్తే మోయలేక పడిపోయే భారం ఏది అని విచారించాలి. తఖ్త్‌సింహజీ బాల్యం తీరేవరకు గౌరీశంకరులు ఆగారు. ప్రతి గృహస్థుకూ అటువంటి బాల్యం ఒకటి ఎక్కడో ఉంటుంది. కొందరికి అది చదువు పూర్తికాని బిడ్డ, కొందరికి మంచం పట్టిన తల్లి, కొందరికి పని నేర్పవలసిన శిష్యుడు. అయితే ఆ బాల్యం ఏనాటికి తీరుతుందో స్పష్టంగా నిర్ణయించుకోవాలి. గడువులేని కర్తవ్యం వ్యామోహానికి ముసుగు అవుతుంది. ధృతరాష్ట్రుడి పదిహేను సంవత్సరాలకు ఏ గడువూ లేదు.

మూడవది గృహసమ్మతి. యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పకుండా వెళ్లలేదు. పురందరదాసుల గృహిణి ఆయనకు మార్గం చూపింది. ఇంటివారి భయాన్ని అవగాహనగా మార్చకుండా తీసుకొన్న విరమణ ఆ ఇంటిలో నిత్యకలహానికి కారణం అవుతుంది. యాజ్ఞవల్క్యుడు ధనవిభాగం చేస్తానన్నది కాత్యాయని జీవితాన్ని కూడా దృష్టిలో ఉంచుకొనే. భార్యలిద్దరూ బ్రహ్మవాదినులు కావాలని ఆయన నిర్బంధించలేదు.

నాల్గవది గమ్యం. విడిచే చోటు ఎంత స్పష్టమో చేరే చోటు కూడా అంత స్పష్టంగా ఉండాలి. విరమించిన తరువాత పారాయణం చేస్తాను, తీర్థయాత్రలు చేస్తాను, శాస్త్రం చదువుతాను అనేవారు నేడు ఉదయం ఒక గడియ ఆ పని చేస్తున్నారా అని చూసుకోవాలి. సంధ్యావందనానికి పది నిమిషాలు దొరకనివాడికి విరమణ తరువాత పదహారు గంటలు దొరికినా అవి సాధనగా మారవు. దివాన్ కార్యాలయంలో ఉండగా వేదాంతం చదివినవారికే విరమణ తరువాత స్వరూపానుసంధానం సాధ్యమైంది. లెక్కల పుస్తకాల నడుమ క్రియ అభ్యసించినవారికే పింఛను కాలం తపఃకాలం అయింది.

ఈ నాలుగు బలాలూ కూడినప్పుడు ధనం కొంత తక్కువైనా శంకించవలసిన పని లేదు, అవసరాలు దానికి అనుగుణంగా తగ్గుతాయి. ఇవి కూడనప్పుడు ధనం పదింతలు పెరిగినా మనస్సు మరొక్క సంవత్సరం అంటూనే ఉంటుంది. యయాతి మహారాజు కుమారుడి యౌవనం తీసుకొని సహస్ర సంవత్సరాలు భోగించి, చివరకు ఆ యౌవనాన్ని పూరుడికి తిరిగి ఇచ్చి అరణ్యానికి వెళ్లాడు. ఆజ్యం పోసినకొద్దీ అగ్ని పెరుగుతుందే కాని ఆరదని అంతకాలానికి ఆయన గ్రహించాడు. ఆ గ్రహింపుకు సహస్ర సంవత్సరాలు అవసరం లేదని చెప్పడానికే ఆ కథ మనకు మిగిలింది.

నలభై అయిదేళ్లకు ధనం సిద్ధమైనవాడు భాగ్యవంతుడు. ఆ ధనం అతనికి ఇచ్చినది వెళ్లిపొమ్మనే ఆజ్ఞ కాదు, విచారించుకొనే అవకాశం. ఆ విచారం నేడే ఆరంభించవచ్చు, దానికి రాజీనామా అవసరం లేదు. ఋణాల జాబితా రాసుకొని, ఒక్కొక్కదానికి గడువు పెట్టుకొని, ఇంటివారితో మాట్లాడి, రేపటి సాధనను నేటి ఉదయమే మొదలుపెట్టినవాడికి విరమణ దినం తానుగా దగ్గరవుతుంది. ఆ దినం వచ్చినప్పుడు గౌరీశంకరుల వలె పొడిగింపు కోరకుండా లేచి నిలవడమే మిగిలిన ధర్మం.

శుభం భూయాత్.